ఫారంలో ఒక అంకె



మా మదర్సాలో కొన్నేళ్లు చదివి, ఆ పిమ్మట డిగ్రీ పూర్తిచేసిన ఒక యువకుడు గత మాసం మగ్రిబ్ నమాజు తరువాత మా గదికి వచ్చాడు. అతడు ఒక సూక్ష్మరుణ సంస్థలో ఫీల్డ్ ఆఫీసరుగా చేరి ఏడాది కావస్తున్నది. వడ్డీతో ముడిపడిన కొలువు ధర్మసమ్మతమా అని లోగడ అడిగినప్పుడు ముఫ్తీ సాహెబ్ వద్దకు పంపాము. వేరే పని వెతుక్కొమ్మని ఆయన చెప్పారు, ఇతడు వెతుకుతూనే ఉన్నాడు. ఈసారి తెచ్చిన ప్రశ్న వేరు.

"హజ్రత్, కాంప్లయన్స్, రిస్క్ మేనేజ్‌మెంట్ పరీక్ష పాసయ్యాను. సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. కానీ ఏమీ చదవలేదు" అన్నాడు.

పాఠాలు ఫోనులో చూడాలట, చివర ప్రశ్నలకు జవాబులు గుర్తించాలట. జవాబులు ముందురోజే వాట్సాప్‌లో అందరికీ చేరాయి. నిబంధనలకు లోబడి పనిచేయడం, నష్టం ఎక్కడినుండి రాగలదో ముందే కనిపెట్టడం, ఇవే ఆ రెండు ఆంగ్లపదాల అర్థం. ఇందులో తప్పేమున్నది, అందరూ చేసేదే కదా అని కొందరు పాఠకులు అనుకోవచ్చు. తప్పు మరునాడు బయటపడింది.

మండీబజారు సమీపంలోని ఒక సోదరి ముప్పై వేల అప్పు అడిగింది. భర్త ఆటో నడుపుతాడు, ఆమె బట్టలు కుడుతుంది. ఇద్దరి సంపాదన కలిపి నెలకు పద్నాలుగు వేలు. ఇదివరకే ఉన్న అప్పుల కిస్తులు ఆరు వేల రెండు వందలు. కొత్త అప్పు కిస్తు రెండు వేల ఆరు వందలు. రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో వెలువరించిన నియమం ప్రకారం ఒక కుటుంబం అప్పులకు కట్టే మొత్తం దాని నెలసరి ఆదాయంలో సగాన్ని మించరాదు. ఇక్కడ సగం ఏడు వేలు, కట్టవలసినది ఎనిమిది వేల ఎనిమిది వందలు. పై అధికారి ఒకే మాట అన్నాడట: "ఆదాయం ఇరవై వేలని రాయి, సరిపోతుంది."

ఆ నియమం ఎందుకు పుట్టిందో మా వయసువారికి బాగా గుర్తు. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒకే ఇల్లాలికి మూడు నాలుగు సంస్థలు అప్పులిచ్చేవి. ఒకదాని కిస్తు కట్టడానికి మరొకదాని వద్ద తీసుకొనేవారు. ఆ ఏడాది ఆగస్టులో హైదరాబాదులో కార్యాలయమున్న ఎస్.కె.ఎస్. సంస్థ వాటాలు స్టాక్ మార్కెట్‌కు ఎక్కాయి. రెండు నెలలు తిరగకముందే, వసూళ్ల ఒత్తిడికి తాళలేక ప్రాణాలు తీసుకొన్నవారి వార్తలు పత్రికలలో నిండిపోగా, ప్రభుత్వం అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చింది. కిస్తులు వారానికి కాక నెలకు ఒకసారి వసూలు చేయాలన్నది. రాష్ట్రంలో వసూళ్లు దాదాపు నిలిచిపోయాయి. ఇంటి స్థితి చూడకుండా అప్పులిచ్చిన సంస్థలే కుప్పకూలే స్థితికి వచ్చాయి. రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన సంస్థలకు ఆనాటి చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పింది. కనుక ఇప్పుడు వారిని కట్టడి చేసేవి రిజర్వు బ్యాంకు నియమాలే. కుటుంబ ఆదాయాన్ని, ఉన్న అప్పులను అడిగి తెలుసుకోవడంలో సిబ్బందికి శిక్షణ ఇవ్వాలన్నది వాటిలో ఒకటి. వసూలుకు ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తరువాత రారాదన్నది మరొకటి. ఈ రెండో నియమాన్ని మన ఇళ్లలోని స్త్రీలు తప్పక గుర్తుంచుకోవాలి.

మేము అతణ్ణి హిదాయాలోని కఫాలా అధ్యాయం గుర్తున్నదా అని అడిగాము. జామీనుదారు అంటే ఎవరో చెప్పమన్నాము. అప్పిచ్చినవాడు బాకీదారును అడిగినట్లే జామీనుదారునూ అడగవచ్చునని సరిగానే అప్పజెప్పాడు. చెబుతూనే మధ్యలో ఆగిపోయాడు. వారి సంస్థలో ఐదుగురు స్త్రీలు ఒకరికొకరు జామీనుగా నిలిచి అప్పు తీసుకొంటారు. ఈ సోదరి కట్టలేని నెలలో ఆ కిస్తు మిగిలిన నలుగురి వంటింటి డబ్బాలలోనుండి రావాలి. ఫారంలో ఇరవై వేలని రాయడమంటే, వారికి తెలియకుండా ఆ బరువును వారి నెత్తిన పెట్టడమే. రిస్క్ అంటే సంస్థకు వచ్చే నష్టం అని ఫోనులోని పాఠం నేర్పిందట. ఆ నలుగురి మాట అందులో లేదట.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బజారులో ధాన్యపు రాశిలోనికి చేయి పోనిచ్చి, లోపలి తడిని వేళ్లతో పట్టుకొన్న సంగతి ముస్లిం గ్రంథంలో ఉంది. పైకి రాశి పొడిగానే ఉన్నది. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తా కొనేవాడు కూడా లోపలికి చేయి పెట్టి చూస్తాడు. ధర్మావగాహన లేనివాడు తమ బజారులో అమ్మకానికి కూర్చోరాదని హజ్రత్ ఉమర్ (రజి) అన్నట్లు తిర్మిజీలో నమోదైంది. నాటి బజారులో శిక్షణ అంటే అది. జవాబులు ముందే చేతికి వచ్చిన పరీక్ష పైపొర పొడిగా ఉన్న రాశి వంటిది. అయితే మేమూ ఒక మాట ఒప్పుకోవాలి. మా తరగతులలో కూడా పాఠం వల్లెవేసి మార్కులు తెచ్చుకొనే పిల్లలున్నారు, మేమూ వారిని మెచ్చుకొంటున్నాము.

అతడు పద్నాలుగు వేలనే రాశాడు. అప్పు నిరాకరించారు. ఆ సోదరి అతని తల్లి గుమ్మం ముందు నిలబడి, సాటి ముస్లిం అయివుండి నా బిడ్డ కాలేజీ ఫీజు ఆపాడని ఏడ్చింది. రెండు రోజులకే ఒక డైలీ ఫైనాన్సు వాని వద్ద తీసుకొన్నది. అక్కడ ఆదాయం ఎంతని ఎవరూ అడగలేదు. ఈ వార్త చెబుతున్నప్పుడు అతని ముఖం చూడలేకపోయాము. సరైన అంకె రాసినందుకు ఆమె మరింత లోతైన గోతిలో పడింది కదా అని అడిగాడు. ఆ గోయి నీవు తవ్వినది కాదని చెప్పాము గానీ, అది మా మొహల్లాలోనే ఉన్నది.

ఈ సంగతి మసీదు కమిటీ ముందుంచాము. వడ్డీ లేకుండా చిన్న మొత్తాలు బదులిచ్చే నిధి పెట్టడానికి పెద్దలు సమ్మతించారు. తీసుకొనేవారి అసలు బాకీలు ఎంతో మనకెలా తెలుస్తుందని ఒకరు సందేహించారు. ఎలా అడగాలో, ఏమేమి రాసుకోవాలో తాను చూపుతానని ఈ యువకుడే ముందుకు వచ్చాడు. ఈసారి నిజంగానే నియమాలన్నీ చదివాడట. వచ్చే ఆదివారం జుహర్ తరువాత ముగ్గురు సభ్యులు, మేము అతని ముందు కూర్చుంటున్నాము. తలా ఒక నోటుపుస్తకం తెచ్చుకొమ్మన్నాడు.