కండబలమునకు లెక్క

దేహదారుఢ్యమునందు మన యువజనులకు నేడు కలుగుచున్న ఆసక్తి ముదావహము. పట్టణములందే గాక పెద్ద గ్రామములందు సైతము వ్యాయామశాలలు వెలయుచున్నవి. పూర్వపు తాలింఖానాలకు వారసులైన వీనిని మేము హృదయపూర్వకముగా స్వాగతించుచున్నాము. కాని బరువులెత్తుటయందలి శ్రద్ధలో నాల్గవవంతైనను భోజనపు లెక్కయందు కానరాకుండుట శోచనీయము. ఆ లోపమును ఖరీదైన పొడి డబ్బాలతో పూరింపజూచుట మరింత శోచనీయము. కండలు పెంచుటకై ఇట్టి పొడులను వాడవలదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహారసూత్రములలో హితవు చెప్పియే యున్నది.

లెక్క కష్టమైనది కాదు. 2020లో ఆ సంస్థ నిర్ణయించిన ప్రకారము 65 కిలోల పురుషుడు కూర్చుండి పనిచేయువాడైనచో దినమునకు 2,110 క్యాలరీలును, ఒక మోస్తరు శ్రమ చేయువాడైనచో 2,710యు, అధికశ్రమ చేయువాడైనచో 3,470యు కావలయును. కూర్చుండి పనిచేయువానికి కిలో ఒక్కింటికి సుమారు 32.5 అన్నమాట. 60 కిలోల గుమాస్తాకు 1,950 చాలును. సాయంకాలము గంటసేపు బరువులెత్తినచో మరి 250 చేర్చవలయును. ఇంతవరకు ఉన్న దేహము నిలుచుటకే సరిపోవును. కండ పెరుగుటకు పైన 300 కావలయును. వెరసి 2,500. వ్యాయామము లేక ఈ మిగులు నారగించినచో పెరుగునది కండ కాదు, పొట్ట.

అయిన నీ 2,500 ఎచ్చటినుండి వచ్చుననునదే అసలు ప్రశ్న. కండ పెంచువానికి కిలో ఒక్కింటికి సుమారు 1.6 గ్రాముల మాంసకృత్తులు, అనగా మన గుమాస్తాకు 96 గ్రాములు కావలయును. కేవలము బియ్యముతోనే లెక్క పూర్తి చేసినచో 700 గ్రాములు వండవలసివచ్చును. అందు లభించు మాంసకృత్తులు 56 గ్రాములే. బియ్యమును 350 గ్రాములకు తగ్గించి, 100 గ్రాముల కందిపప్పు, అరలీటరు పాలు, మూడు గ్రుడ్లు, గుప్పెడు వేరుసెనగలు, కూరలు, నాలుగు చెంచాల నూనె చేర్చినచో రెండు లెక్కలును ఇంచుమించుగా సరిపడును. గ్రుడ్లు తిననివారు పప్పును, పెరుగును హెచ్చింపవచ్చును. ఇందు డబ్బాతో పనిలేదు. వారమున కొకమారు ఉదయముననే తూచుకొనవలయును. రెండు వారములైనను బరువు పెరుగనిచో 150 క్యాలరీలు హెచ్చింపవలయును. నడుము పెరిగినచో తగ్గింపవలయును. మూత్రపిండవ్యాధి గలవారు మాత్రము వైద్యుని అడుగక మాంసకృత్తులను హెచ్చింపరాదు.

ఈ లెక్క గుమాస్తాతో ముగియదు. దినమెల్ల చేనిలో శ్రమించు కూలివానికి వ్యాయామశాలతో నిమిత్తము లేదు. కాని వాని కండయు నీ నియమమునకు లోబడినదే. 2024 జనవరి నుండి అయిదేండ్లకు పొడిగింపబడిన ఉచితధాన్య పథకముచే సామాన్య కుటుంబమున మనిషికి నెలకు లభించునది 5 కిలోల ధాన్యము. బియ్యమైనచో దినమునకు 13 గ్రాముల మాంసకృత్తులు మాత్రమే. కడుపు నింపుట పుణ్యకార్యమే. కాని అన్నమొక్కటే కండ కాజాలదు. ధాన్యముతోపాటు పప్పును సమకూర్చుట ప్రభుత్వముల విధి. వరి కోసిన చేలలో మినుము, పెసర చల్లుట మన డెల్టా రైతులకు క్రొత్త కాదు. ఆ సాగును విడువక పెంచి, పండినదానిలో కొంత తమ పాలేరుల ఇండ్లకును చేరునట్లు చూచుట భూస్వాముల ధర్మము. దున్నువాని భుజబలమే గదా మన గాదెలను నింపునది!