మీటల మార్పునకు మహజరు

అడగనిదే అమ్మయైనను పెట్టదని మన పెద్దలనిన మాట కంప్యూటరు ఎదుట కూర్చుండు తెలుగువారి చెవికి ఇంకను ఎక్కినట్లు లేదు. తెలుగు లిపిలో వ్రాయుచు, వ్రాసిన వాక్యమునకు నకలు తీయుటకై కంట్రోలు మీటతో సి మీటను కలిపి నొక్కినచో కొన్ని ప్రోగ్రాములలో ఏమియు జరుగదు. విసుగుకొని ఇంగ్లీషు అమరికకు మారి, నకలు తీసి, మరల తెలుగునకు వచ్చి పని సాగింతురు. దినమంతయు దస్తావేజులు వ్రాయు లేఖరి దీనిని తన గ్రహచారమనుకొనునే గాని, ఆ ప్రోగ్రామునకు నిర్మాతలు కలరనియు, వారికి విన్నవించుకొను ద్వారము తెరచియే యున్నదనియు తలపడు.

కారణము స్వల్పము. 1991 నాటి భారతీయ ప్రమాణములో చేరిన ఇన్‌స్క్రిప్టు అమరికలో ఇంగ్లీషు సి యున్న మీటయే మనకు మకారము. వి యున్న మీటయే నకారము. తెలుగు అమరిక అమలులో నున్నపుడు ప్రోగ్రామునకు చేరునది సి కాదు, మ. రోమను అక్షరము కొరకే కాచుకొనియున్న ప్రోగ్రాము మకారమును చూచి మౌనము వహించును. శ్రద్ధతో వ్రాసిన ప్రోగ్రాములు అట్టి సమయమున ఆ మీటకు గల రోమను అక్షరమేదియో విచారించి పని నెరవేర్చును. కావున ఇది అసాధ్యమైన కోరిక కాదు. గ్రీకులును రష్యనులును ఈ బాధ పడినవారే. వారు ఊరకుండక మొరపెట్టుకొనిరి; పెక్కుచోట్ల సాధించుకొనిరి.

మహజర్లతో ఏమగునని కొందరు పెదవి విరుతురు. దొరతనమువారికి విన్నపములు పంపుకొనుటను 1905 నాటి అతివాదులు భిక్షాటనమని నిందించిరి. ఆ నిందలో న్యాయము లేకపోలేదు. కాని అచట త్రోసివేయు అధికారము దాతది, దేహీయనుట మనది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు విషయము వేరు. రిచర్డు స్టాల్‌మన్ 1983లో గ్నూ ఉద్యమమును ప్రకటించి, 1989లో వెలువరించిన అనుమతి పత్రముచే, ప్రోగ్రామును చదువుటకును, మార్చుటకును, మార్చినదానిని పంచుటకును ప్రతివానికి హక్కు దత్తమైయున్నది. నిర్మాత కాదన్నను మన చేతులు కట్టువడవు. హక్కు గలవాడు చేయు విన్నపము యాచన కానేరదు.

అట్లయిన ఎవరి మీటలు వారు మార్చుకొనరాదా, నిర్మాతను శ్రమపెట్టుటెందుకు అను ప్రశ్న వచ్చును. మార్చుకొనవచ్చును, తెలిసినవారు మార్చుకొనుచునే యున్నారు. కాని వచ్చినది వచ్చినట్లు వాడువారే లోకమున మెండు. క్రొత్తగా కంప్యూటరు కొన్న రైతు, కళాశాలలో నలుగురితో ఒకే యంత్రమును పంచుకొను విద్యార్థి, అమరికల పుటను ఎన్నడును తెరువరు. వారిని పాలించునది నిర్మాత ముందుగా పెట్టిన మీటయే. అందుచేతనే ఈ చిన్న విషయమును మేము ప్రజావిషయమనుచున్నాము.

మీటలు వేదవాక్కులు కావు. కత్తిరించుట, నకలు, అతికించుట అను మూటికి ఎక్స్, సి, వి మీటలు 1983 నాటి ఆపిల్ లీసా యంత్రముతో ప్రచారమునకు వచ్చినవి. లారీ టెస్లర్ మొదలగువారి కృషి దానికి మూలము. ఎడమచేతి క్రింద వరుసగా నున్నవి గనుక నిలిచినవి. నిలువదగనివి పోయినవి. బ్రౌజరులో బ్యాక్‌స్పేసు మీట నొక్కిన వెనుకటి పుటకు పోవుట ఒకనాటి ఆచారము. అక్షరము చెరుపబోయినవాడు, తాను గంటసేపు నింపిన దరఖాస్తునే పోగొట్టుకొనుచుండెను. మొరలు వినగా వినగా 2016లో క్రోమును, 2021లో ఫైర్‌ఫాక్సును ఆ ఆచారమును మానివేసినవి. ఫైర్‌ఫాక్సులోనే డబ్ల్యూతో ఒక పుట మూతపడును, ప్రక్కనున్న క్యూతో సర్వము మూతపడును. వ్రేలు వెంట్రుకవాసి జరిగిన కొంప మునుగును. దీనినిగూర్చి ఏండ్ల తరబడి విన్నపములు పోయినవి. నేడు మూయుటకు ముందు అడుగుమని కోరుకొను వీలు అమరికలలో కలదు.

అడిగినదెల్ల దొరకునని కాదు; దొరకవలెననియు కాదు. బొమ్మలు దిద్దు గింప్ నిర్మాతలు 2012లో 2.8వ కూర్పు వెలువరించుచు, కంట్రోలు ఎస్ నొక్కిన తమ సొంత రూపమునందు మాత్రమే భద్రపరచునట్లును, జేపెగ్ మొదలగు రూపములకు ఎగుమతి అను వేరు ఆజ్ఞ నుపయోగింపవలసినట్లును మార్చిరి. వాడుకరులు గగ్గోలు పెట్టిరి. జేపెగులో పొరలు నశించును. సొంత రూపమున నశింపవు. కావున వారి తర్కము సరియైనదే. వారు వెనుకకు తగ్గలేదు. అయినను మీటల పట్టికను వాడుకరి చేతికే విడిచియుంచిరి గనుక, పాత అలవాటు కావలసినవాడు పాత మీటను ఎగుమతికి తగిలించుకొనెను. ఇంతకంటె మర్యాదగా నడచినవారు బ్లెండరువారు. 2019లో 2.80వ కూర్పున వస్తువులను ఎన్నుకొనుటను మౌసు కుడివైపు మీటనుండి ఎడమవైపునకు మార్చుచు, పాత మీటల పట్టికను పారవేయక, ఏది కావలెనో మొదటనే కోరుకొను వీలు కల్పించిరి. వ్రేళ్లకు పట్టిన విద్య కూడ ఒక ఆస్తియే. నష్టపరిహారము లేక దానిని స్వాధీనము చేసికొనుట అన్యాయము.

కోరువారికిని ఈ ధర్మమే వర్తించును. భాషలు మార్చు ఐబస్ అను లినక్సు ప్రోగ్రాము ఒకప్పుడు కంట్రోలును స్పేసును కలిపి వాడెడిది. తెలుగు వ్రాయువానికది సుఖమే. కాని ఈమాక్సులో వ్రాయువారు పాఠ్యమునకు గుర్తుపెట్టుటకును, లిబ్రెఆఫీసు లెక్కలవారు నిలువు వరుసను పట్టుకొనుటకును అదే జతను వాడుకొనుచున్నారు. తుదకు ఐబస్‌వారే సూపరు, స్పేసు జతకు మారిరి. మన సౌఖ్యమును కోరుచు మరియొకని కంచములో చేయి పెట్టరాదు.

కావున విన్నపము వ్రాయువారు ప్రోగ్రాము పేరు, కూర్పు సంఖ్య, తమ కీబోర్డు అమరిక, నొక్కిన మీటలు, జరుగవలసినది, జరిగినది, ఇంతమాత్రము వ్రాసిన చాలును. మొర చదువువాడు పెక్కుమారులు జీతము లేక రాత్రివేళ పనిచేయువాడే. అతనిని తిట్టి సాధించునది లేదు. విన్నపములు ఇంగ్లీషులోనే వ్రాయవలసివచ్చుట మనకొక అడ్డంకి. ఇంగ్లీషు చదివిన మనవారు, తమ ఊరి లేఖరి ప్రక్కన అరగంట కూర్చుండి, అతని బాధను అతని ఎదుటనే ఆ భాషలో వ్రాసి పంపుట కష్టమైన దేశసేవ కాదు. పంపుటకు ముందు పాత విన్నపములను వెదకవలెను. ఏ గ్రీకు దేశస్థుడో అదే మొర పెట్టియున్నచో క్రొత్తది వేయక, దాని క్రిందనే తెలుగు అమరికలో మకారమునకు పట్టిన గతిని కూడ చేర్చవలెను.