ఆఫీసు ముచ్చట్లు: పంపినది ఎక్కడ ఆగినది?

మన కన్నడ సోదరులు తపాలాను 'అంచె' అంటారు. మనకూ ఆ మాట ఉన్నది గాని, ఒక చేతినుంచి మరొక చేతికి అందించే వరుసకు మనం దానిని వాడుకొంటాము, అంచెలంచెలుగా అంటాము. చిక్కదేవరాజ ఒడెయరు కాలంలో, 1672లో ఏర్పడిన మైసూరు అంచె 1889లో బ్రిటిషు ఇండియా తపాలాలో కలిసిపోయింది. పేరు మాత్రం ఈనాటికీ పోలేదు. ఈ నెల నేను ముచ్చటించబూనినది కంపెనీల ఈమెయిలును గురించి. అయినా ఆ పాత మాటతో మొదలుపెట్టడానికి కారణం ఉన్నది. మనం మీట నొక్కగానే ఉత్తరం అవతలివారి ఒడిలో వాలుతుందని చాలామంది నమ్మకం. వాలదు. అదికూడా అంచెలంచెలుగానే పోవాలి. చేరలేదంటే ఏదో ఒక అంచెలో ఆగిందన్నమాట.

మన కుటుంబాలలో ఈనాడు ఆఫీసు ఉద్యోగం చేసేవారు లేని ఇల్లు తక్కువ. ఉద్యోగం లేనివారికి దుకాణమో, వర్కుషాపో, కంట్రాక్టో ఉన్నది. సరుకు బిల్లు మొదలుకొని పిల్లవాని ఇంటర్వ్యూ కబురు దాకా ఈమెయిలు మీదనే నడుస్తున్నవి. అందుచేత "నేను పంపాను" అని ఒకరు, "నాకు రాలేదు" అని మరొకరు తగవులాడుకోవడం రోజూ చూస్తున్నాము. తమాషా ఏమిటంటే, ఇద్దరూ నిజమే చెప్పుతూ ఉండవచ్చును.

నేను ఇంజనీరును కాను. ఇరవై ఏళ్లుగా ఇన్‌వర్డు, ఔట్‌వర్డు రిజిస్టర్లు వ్రాస్తున్న గుమాస్తాను. ఆ రిజిస్టర్లు తెలిసినవానికి మెయిలు సర్వరు వ్యవహారం కొత్తగా తోచదు. మనం పంపిన ఉత్తరం మొదట మన కంపెనీ సర్వరు చేతికి పోతుంది. అది డి.ఎన్.ఎస్. అనే పెద్ద చిరునామాల పుస్తకాన్ని అడుగుతుంది, ఫలానా కంపెనీవారి టపా పుచ్చుకొనే యంత్రం ఏదని. జవాబు రాగానే ఆ యంత్రం తలుపు తట్టుతుంది. ఆ తలుపు నంబరు 25. అక్కడ రెండు యంత్రాలకూ సంభాషణ జరుగుతుంది: నమస్కారం, ఫలానావారి వద్దనుంచి వచ్చాను, ఫలానావారికి తెచ్చాను, ఇదిగో ఉత్తరం. ఒక్కొక్క మాటకు అవతలి యంత్రం మూడంకెల జవాబు చెప్పుతుంది. ఈ మర్యాదలన్నీ 1982లో జాన్ పోస్టెల్ వ్రాసిపెట్టిన ఎస్.ఎం.టి.పి. నిబంధనలలోనివి. 2001లోను, 2008లోను వాటిని తిరిగి వ్రాశారు గాని అంకెల అర్థం మారలేదు. మొదటి అంకె 2 అయితే పుచ్చుకొన్నాము అని. 4 అయితే ఇప్పుడు వీలుకాదు, మళ్లీ రండి అని. 5 అయితే పుచ్చుకొనేది లేదు అని.

ఈ 4కూ 5కూ ఉన్న తేడా తెలియక ఆఫీసులలో ఎంత రభస జరుగుతుందో చెప్పలేను. 4 వచ్చిన ఉత్తరం పోయినట్లు కాదు. మన సర్వరు దానిని వరుసలో ఉంచుకొని కొంతసేపటికి మళ్లీ పోతుంది, మళ్లీ తలుపు తట్టుతుంది. కొన్నిచోట్ల ముఖపరిచయం లేని పంపకందారును మొదటిసారి కావాలనే "తరువాత రా" అంటారు. నిజమైన సర్వరయితే తిరిగి వస్తుంది, చెత్త టపా విసిరిపోయే దొంగకు అంత ఓపిక ఉండదని వారి లెక్క. దొంగలు కూడా ఈమధ్య ఓపిక నేర్చుకొంటున్నారనుకొనండి, అది వేరే సంగతి. చాలా కంపెనీలలో ఉన్న పోస్టుఫిక్సు అనే సర్వరు, ఎవరూ మార్చకపోతే, ఇటువంటి ఉత్తరాన్ని 5 రోజులపాటు మోసి, అప్పుడు గాని చేరలేదని చెప్పదు. నడుమ ఆలస్యమవుతున్నదని హెచ్చరించే సదుపాయం దానిలో ఉన్నది గాని, ఎవరైనా తలచుకొని తెరవాలి. సోమవారం పంపిన ఉత్తరం శనివారం వాపసు వచ్చిందంటే అందులో వింత లేదు.

5 వచ్చినదయితే వెంటనే తిరుగుటపాలో వస్తుంది. దాని ప్రక్కనే చుక్కలతో మరొక సంఖ్య ఉంటుంది. 5.1.1 ఉంటే ఆ పేరుగల మనిషి అక్కడ లేడు. నూటికి తొంభైపాళ్లు అక్షరం తప్పు పడి ఉంటుందని నా అనుభవం. 5.2.2 అయితే పెట్టె నిండిపోయింది. 5.3.4 అయితే బరువు ఎక్కువ. ఈ బరువు విషయంలో ఒక మాట. జతపరచిన ఫైలు ప్రయాణానికి కట్టినప్పుడు మూడింటికి నాలుగవుతుంది. 8 మెగాబైట్ల డ్రాయింగు దారిలో సుమారు 11 అవుతుంది. పోస్టుఫిక్సు మొదట పెట్టుకొని వచ్చే హద్దు 10 చిల్లర. "నా ఫైలు 8 కదా, 10 లోపే కదా" అని మా డ్రాయింగు సెక్షనువారు ఇప్పటికీ వాదిస్తూనే ఉంటారు.

ఇక 5.7తో మొదలయ్యేవి ఉన్నవి. మనుష్యుల ఉద్యోగాలకు ముప్పు తెచ్చేవి ఇవే. దీనిని వివరించడానికి కిందటి వానాకాలంలో నేను పనిచేసేచోట జరిగినది చెప్పుతాను. బెంగుళూరు పీణ్యలో యంత్రాల విడిభాగాలు చేసే చిన్న కంపెనీ, పేరు అనవసరం. అమ్మకాల సెక్షనులో కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె ఉన్నది. మనవారి పిల్లే; ముత్తాతల కాలంలో చిత్తూరు వైపునుంచి కోలారు బంగారు గనులకు వచ్చి, 2001లో గనులు మూసిన తరువాత బెంగుళూరు చేరుకొన్న కుటుంబం. ఇంట్లో సంపాదించేది ఆ పిల్ల ఒక్కతే. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. కోయంబత్తూరునుంచి ఒక ఖాతాదారు పెద్ద ఆర్డరుకు ధరల పట్టిక అడిగితే, గడువుకు మూడు రోజుల ముందే పంపింది. గడువు దాటినాక అక్కడినుంచి ఫోను వచ్చింది, మీ కొటేషను రానందున ఆర్డరు మరొకరికి ఇచ్చివేశామని.

"ఏమ్మా, పంపలేదా?" అన్నారు మేనేజరుగారు.

"పంపానండి. బిల్లింగు సాఫ్టువేరులో పంపినట్లు పచ్చగుర్తు కూడా ఉన్నది, చూడండి."

"పచ్చగుర్తు ఉంటే చేరినట్లా? తక్కినవారందరికీ చేరుతున్నవి గదా! ఈ ఒక్కదానికే ఏమొచ్చింది?"

ఆ పిల్లకు జవాబు తోచలేదు. సాయంత్రానికి సంజాయిషీ కోరే తాఖీదు టైపు కావడానికి నా బల్ల మీదికి వచ్చింది. వెనుకనే ఆ అమ్మాయి వచ్చి, "బాబాయిగారూ, నేను నిజంగా పంపానండీ" అన్నది. నేను మేనేజరుగారి దగ్గరికి వెళ్లి, "ఔట్‌వర్డు రిజిస్టరు చూడకుండా తాఖీదు ఇస్తే బాగుండదు సార్, రేపు ఉదయందాకా ఆగండి" అన్నాను. ఆయన మంచివారే, ఆగారు.

సర్వరు వ్రాసుకొనే రిజిస్టరును లాగు అంటారు. ప్రతి ఉత్తరానికీ తేదీ, గంట, నిమిషం, ఎవరికి, అవతలి యంత్రం ఏమన్నది, అన్నీ ఒక్కొక్క పంక్తిగా ఉంటవి. మా కంప్యూటర్లు చూచే కన్నడ కుర్రవాడు, తేదీ పట్టుకొని వెదికి పది నిమిషాలలో, "నోడి అణ్ణా, ఇల్లే ఇదె" అని చూపించాడు. అమ్మాయి పంపిన నిమిషమే అక్కడ ఉన్నది. ఉత్తరం మా గడప దాటింది. కోయంబత్తూరు కంపెనీవారు తమ టపా గూగులువారి వద్ద ఉంచుకొన్నారు. అక్కడ తలుపు దగ్గర 550, ప్రక్కన 5.7.26 అని జవాబు. మీరు ఎవరి పేరు చెప్పుకొంటున్నారో వారే మీరని రుజువు లేదు, అందుచేత పుచ్చుకొనము అని దాని తాత్పర్యం.

రుజువు ఎందుకు లేకపోయింది? ప్రతి కంపెనీ డి.ఎన్.ఎస్.లో ఎస్.పి.ఎఫ్. అనే బోర్డు ఒకటి కట్టుకొంటుంది. మా పేరున టపా తెచ్చేవాడు ఈ నంబరు ఇంటినుంచే వస్తాడు, మరొకచోటినుంచి వస్తే నమ్మకండి అని దాని మీద వ్రాసి ఉంటుంది. మా కంపెనీవారు రెండు నెలల ముందు ఖర్చు తగ్గుతుందని ఇంటర్నెట్టు కనెక్షను మార్చారు. దానితోపాటు సర్వరు నంబరు మారింది. బోర్డు మీద పాత నంబరే ఉండిపోయింది. అంటే మేమే కట్టిన బోర్డు మా బట్వాడావానిని దొంగ అని చాటుతున్నది! పైగా కొత్త నంబరునుంచి వెనుకకు అడిగితే పేరు చెప్పే తిరుగు నమోదు కూడా లేదు. దానిని కంపెనీ పెట్టుకొనలేదు, నంబరు ఇచ్చిన ఇంటర్నెట్టువారే పెట్టాలి.

మేనేజరుగారి ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉన్నది. తక్కినవారికి చేరడానికి కారణం, అందరి ద్వారపాలకులూ ఒకే తీరుగా ఉండకపోవడం. కొందరు బోర్డు చూచీ చూడనట్లు లోపలికి వదులుతారు, కొందరు లోపలికి రానిచ్చి చెత్తపెట్టెలో పడవేస్తారు, కొందరు గడప దగ్గరనే త్రిప్పి పంపుతారు. 2024 ఫిబ్రవరినుంచి గూగులు, యాహూవారు ఈ విషయంలో చాలా కట్టుదిట్టం చేశారు. కొద్ది ఉత్తరాలు పంపేవారికి కూడా బోర్డో ముద్రో ఒకటి సరిగా ఉండి తీరాలి. గూగులు పెట్టెలకు రోజుకు 5,000 పైగా పంపేవారికి రెండూ ఉండాలి, ఆపైన డిమార్క్ అనే నిబంధన కూడా కావాలి. ముద్ర అన్నాను గదా, దానిని డీకిమ్ అంటారు. మన పెద్దలు కవరు మీద వేసే లక్కముద్ర వంటిది. దారిలో ఎవరైనా విప్పి దిద్దితే తెలిసిపోతుంది. డిమార్క్ అంటే, బోర్డూ ముద్రా మా పేరుతో సరిపడకపోతే ఆ ఉత్తరాన్ని ఏమి చేయవలసినదీ మనమే అవతలివారికి ముందుగా చెప్పి ఉంచడం.

ఇంతకూ వాపసు కాగితం ఏమైనట్లు? గూగులువారు పుచ్చుకొనలేదు గనుక మా సర్వరు తిరుగుటపా తయారుచేసింది. అయితే ఈమెయిలుకు రెండు చోట్ల పంపినవారి పేరు ఉంటుంది: లోపల ఉత్తరం తలకట్టు మీద ఒకటి, పైన కవరు మీద ఒకటి. చదివేవారికి కనబడేది లోపలిది. వాపసు పోయేది కవరు మీది పేరుకు. మా బిల్లింగు సాఫ్టువేరులో కవరు మీద రెండేళ్ల క్రిందట రిటైరయిన ఒక ఆఫీసరుగారి పేరే ఉండిపోయింది. ఆ పెట్టె తెరిపిస్తే వాపసు కాగితాలు గుట్టగా ఉన్నవి. కోయంబత్తూరుది అడుగున ఎక్కడో ఉన్నది. దానిపైన హోసూరువి, పూనావి, ఎవరూ ఫోను చేసి అడగనివి ఎన్నో ఉన్నవి. ఆ గుట్ట చూచినాక మేనేజరుగారు తాఖీదు తామే చించివేశారు. ఆర్డరు మాత్రం తిరిగి రాలేదు. అమ్మాయి ఉద్యోగం నవంబరులో ఖాయమైంది.

బోర్డు మీద నంబరు దిద్దడం ఐదు నిమిషాల పని. పాత బోర్డును గుర్తుపెట్టుకొన్న యంత్రాలు దానిని మరచిపోవడానికి కొన్ని గంటలు పట్టింది. తిరుగు నమోదుకు ఇంటర్నెట్టువారి చుట్టూ నాలుగు రోజులు తిరిగాము. వాపసు కాగితాలు ఇప్పుడు ఇద్దరు గుమాస్తాలు చూచే పెట్టెకు వస్తున్నవి, అందులో నేనొకడిని. ఉదయం కాఫీకి ముందు అదే నా మొదటి పని.

రిజిస్టరులో 250 అని ఉంటే అవతలి సర్వరు పుచ్చుకొన్నట్లే. అయినా ఆ మనిషి కంటబడినట్లు కాదని గుర్తుంచుకొనాలి. చెత్తపెట్టెలో పడి ఉండవచ్చును. అప్పుడు మన సర్వరును తవ్వి లాభం లేదు, వెదకవలసినది అవతలి ఇల్లు. వారి కంప్యూటరు మనిషికి తేదీ, గంట, 250 ప్రక్కన ఉన్న గుర్తు సంఖ్య ఇస్తే, ఆయన తన రిజిస్టరులో చూచి చెప్పగలడు. ఆఫీసులో ఒక కంప్యూటరుకు వైరసు పట్టి రాత్రంతా చెత్త టపా కక్కితే, స్పామ్‌హౌస్ వంటివారి నల్లజాబితాలో మన నంబరు ఎక్కడం కూడా ఉన్నది. ఆ జబ్బు కంప్యూటరును పట్టుకొని బాగుచేయకుండా జాబితానుంచి పేరు తీయమని అర్జీ పెట్టేవారిని చూచాను. తీస్తారు, మళ్లీ ఎక్కుతుంది.

ఇళ్లలో ఆడవారికీ పెద్దలకూ ముఖ్యంగా చెప్పవలసినది ఒకటి. దొంగ వాపసు కాగితాలు కూడా వస్తున్నవి. మీ పెట్టె నిండింది, మీ ఉత్తరాలు ఆగినవి, ఇక్కడ నొక్కి మీ పాస్‌వర్డు ఇవ్వండి అని ఉంటుంది. అసలైన వాపసు కాగితం ఎన్నడూ పాస్‌వర్డు అడగదు. మీరు పంపని ఉత్తరానికి వాపసు వచ్చినా తొందరపడి నొక్కకండి.

ఇక ఉత్తరం చేరలేదని కంప్యూటరు మనిషికి చెప్పేటప్పుడు, "మెయిలు పోవడం లేదు" అని ఊరుకొంటే పాపం అతడేమి చేయగలడు? ఎవరికి పంపారో ఆ చిరునామా అక్షరం తప్పకుండా, ఏ రోజు, ఎన్ని గంటలకు, వాపసు ఏమైనా వచ్చిందా, ఇతరులకు పోతున్నవా, ఇంత చెప్పితే చాలు. వాపసు వచ్చి ఉంటే దానిని ఫోనులో సగం ఫోటో తీసి పంపకండి, మొత్తం ఉన్నదున్నట్లు పంపండి. పైన ఉన్న నాలుగు పంక్తులు క్షమాపణలు. కావలసిన అంకెలు అడుగున, అచ్చు చిన్నగా ఉన్నచోట ఉంటవి.