టీవీ షెఫ్‌కి సలాం సరే, దేగ్ దగ్గర నిలబడ్డవాడికి?



టీవీ షెఫ్‌ల గురించి, వాళ్ళ పేరు మీద నడిచే హోటళ్ళ గురించి మన ఇళ్ళలో రెండు రకాల రాయ్ వినిపిస్తుంది. ఒక వర్గానికి వాళ్ళు ఉస్తాదులు. వాళ్ళు చెప్పిందే అసలు బిర్యానీ, వాళ్ళు చూపించిందే అసలు కుర్మా. పెళ్ళి మెనూ కూడా యూట్యూబ్ చూసే రాస్తున్నారు. రెండో వర్గానికి ఇదంతా దిఖావా, ఇస్రాఫ్. టీవీలో వండేవాడికి వంటే రాదంటారు, ఆ హోటల్ మెట్టెక్కడమే తప్పంటారు.

నా మాట ఈ రెండు వర్గాలకీ నచ్చదు. వాళ్ళ వంట బాగుంటుందా లేదా అన్నది మన మస్లా కాదు. ఆ వంట మీద వచ్చే ఇజ్జత్ ఎవరికి పోతోంది, మెహనత్ ఎవరు చేస్తున్నారు, హక్ ఎవరికి అందటం లేదు? అడగాల్సింది ఇదీ.

ముందు రెండో వర్గం వాళ్ళకి చెప్తాను. వంటవాడి పనికి ఈ దేశంలో మర్యాద తెచ్చినవాటిలో టీవీ ఒకటి. 1993లో జీ టీవీలో సంజీవ్ కపూర్ 'ఖానా ఖజానా' మొదలయ్యే నాటికి మన ఊళ్ళలో వంటవాడి పరిస్థితి ఏమిటి? దావత్‌లో అందరూ తిన్నాక మిగిలింది తినేవాడు. బావర్చీ కొడుకంటే రిష్తా కుదరటం కష్టం. ఈ రోజు మన పిల్లలు షెఫ్ అవుతామని నోరు తెరిచి అడగగలుగుతున్నారు. 2023లో మాస్టర్‌షెఫ్ ఇండియా గెలిచిన మొహమ్మద్ ఆషిక్ ఎవరు? మంగళూరులో జ్యూస్ దుకాణం నడుపుకున్న కుర్రాడు. లక్నో నుంచి వచ్చి, దమ్ పుఖ్త్ వంటకి పెద్ద హోటల్లో పీట వేసిన ఇమ్తియాజ్ ఖురేషీ గారికి 2016లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన ఇంతెకాల్ అయితే పేపర్లన్నీ రాశాయి. ఒక బావర్చీ పోతే దేశం రాయటం మామూలు సంగతి కాదు.

షెఫ్‌లందరూ ఒకటే అనటం కూడా నాఇన్సాఫీ. వికాస్ ఖన్నా సంగతే చూడండి. 1992 ముంబై అల్లర్లలో ఒక ముస్లిం కుటుంబం తనకు ఇంట్లో చోటిచ్చి ప్రాణం కాపాడిందని, అందుకే ప్రతి రంజాన్‌లో ఒక రోజా ఉంటానని ఆయన ఎన్నోసార్లు చెప్పారు. లక్నోలో కబాబ్ కారీగర్ మునీర్ ఉస్తాద్ దగ్గర బొగ్గులు మోసి పని నేర్చుకున్నానని రణవీర్ బ్రార్ తానే చెప్పుకుంటారు. షాగిర్ద్ పెద్దవాడయ్యాక ఉస్తాద్ పేరు మర్చిపోకపోవటం ఖాందానీ లక్షణం. ఆ మాటకి నా సలాం.

ఇప్పుడు మొదటి వర్గం వాళ్ళకి.

టీవీలో మనిషి వండుతాడు. హోటల్ బోర్డు మీద మాత్రం పేరే ఉంటుంది. పొయ్యి దగ్గర ఉండేది ఇంకొకరు. ఇది ఒకరి తప్పు కాదు, ఆ తిజారత్ నడిచే తరీఖాయే అది. ఒక మనిషి ఇరవై ఊళ్ళలో ఒకేసారి వండలేడు కాబట్టి పేరు అద్దెకిస్తాడు, వంటకాల పట్టిక ఇస్తాడు, ఏడాదికి రెండుసార్లు వచ్చి ఫొటో దిగుతాడు. మనం బిల్లు కట్టేది ఆ ఫొటోకి. దమ్ సరిగ్గా పడిందా, మసాలా మాడిందా అని చూసేవాడి పేరు మనకి తెలియదు.

ఆ పేరు కుప్పకూలితే ఎవరు నష్టపోతారో ఇంగ్లండ్‌లో చూశాం. జేమీ ఆలివర్ అంటే ప్రపంచమంతా తెలిసిన టీవీ షెఫ్. 2019 మే నెలలో ఆయన హోటళ్ళ కంపెనీ దివాలా తీసింది. 25 హోటళ్ళలో 22 వెంటనే మూతపడ్డాయి, సుమారు 1000 మంది ఉద్యోగాలు పోయాయి. జేమీ ఆలివర్ తర్వాత కూడా టీవీలో కనిపించాడు, పుస్తకాలు రాశాడు. గిన్నెలు కడిగినవాడు, కూరగాయలు తరిగినవాడు ఏమయ్యారో ఏ చానెల్ చూపించింది?

2018లో దుబాయ్‌లో ఇంకోటి జరిగింది. అతుల్ కొచ్చర్ అనే పేరున్న షెఫ్ ఇస్లాం మీద ద్వేషంతో ఒక ట్వీట్ పెట్టాడు. తర్వాత మాఫీ అడిగాడు. అయినా జేడబ్ల్యూ మారియట్ వాళ్ళు తమ 'రంగ్ మహల్' హోటల్‌కి ఆయనతో ఉన్న ఒప్పందాన్ని రద్దు చేసుకున్నారు. వంటకీ ట్వీట్‌కీ సంబంధమేమిటని మనవాళ్ళే కొందరు అన్నారు. సంబంధం ఉంది. ఆ హోటల్ అమ్ముతున్నది ఆయన పేరుని. పేరు అమ్ముకున్నవాడు ఆ పేరుకి జవాబు కూడా చెప్పాలి. షోహ్రత్‌కి పైసలు తీసుకుని, జిమ్మేదారీ వచ్చేసరికి నేను వంటవాణ్ణి మాత్రమే అంటే కుదరదు.

ఇక హలాల్ సంగతి. ఫలానా షెఫ్ హోటల్ కదా, అంతా బాగానే ఉంటుందని పిల్లల్ని తీసుకుపోతున్నారు. షెఫ్ ముస్లిం అయినంత మాత్రాన మాంసం జబీహా అయిపోదు, హిందువు అయినంత మాత్రాన కాకుండా పోదు. పెద్ద పేరు చూసి అడగటానికి మొహమాటపడుతున్నాం. అదే మన ఊరి కసాయి దగ్గర 'ఎప్పుడు కోశావు, ఎవరు కోశారు' అని నిలదీస్తాం. గరీబు దగ్గర లేని మొహమాటం గొప్పవాడి దగ్గరే ఎందుకు?

పేరు సంగతి వచ్చింది కాబట్టి ఇదీ గుర్తు చేస్తాను. 2024 జులైలో కావడ్ యాత్ర దారిలో దాబాలు, పండ్ల బండ్ల మీద యజమానుల పేర్లు రాయాలని ఉత్తరప్రదేశ్‌లో పోలీసులు హుకుం జారీ చేశారు. ముస్లిం పనివాళ్ళని కొన్ని దాబాల్లోంచి పంపేశారని వార్తలొచ్చాయి. జులై 22న సుప్రీం కోర్టు ఆ హుకుం మీద స్టే ఇచ్చింది. ఒకచోట వంటవాడి పేరు కోట్లు తెస్తుంది, ఇంకోచోట అదే వంట చేసేవాడికి పేరే సజా అవుతుంది. పెద్ద పేర్లకి చప్పట్లు కొట్టే మనం, ఆ చిన్న పేర్ల కోసం ఏం చేశాం?

దూరం పోవద్దు. మా రెడ్డిగూడెం చూడండి. ఇది మామిడి దేశం. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాకి పోయింది, మేము ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాం. అయినా మా కాయ నున్న మార్కెట్ దాటితే 'నూజివీడు మామిడి' అనే అమ్ముడవుతుంది. చెట్టుకి నీళ్ళు పోసిన ఊరు ఒకటి, పేరు ఇంకొకటి. ఈ బాధ మాకు బాగా తెలుసు. తెలిసి కూడా మా బావర్చీలకి మేము చేస్తున్నది అదే.

మన పెళ్ళిళ్ళు మామిడి కాపు రోజుల్లోనే ఎక్కువ. మామిడికాయ వేసి వండిన మాంసం, పుల్లటి దాల్చా, బగారా అన్నం మన దావత్‌ల జాయెకా. ఇప్పుడు వలీమా కార్డు మీదే 'హైదరాబాదీ దమ్', 'మొగలాయీ', 'అరేబియన్ మందీ' అంటున్నారు. బెజవాడ నుంచి కేటరింగ్ వస్తుంది. టీవీలో చూసిన స్వీటు, టీవీలో చూసిన స్టార్టరు ఉండాలి. ప్లేటు రేటు పెరిగే కొద్దీ ఆడపిల్ల తండ్రి కర్జ్ పెరుగుతుంది. సూద్ హరామ్ అని జుమా నాడు వింటాం, శనివారం వడ్డీకి తెచ్చి దస్తర్‌ఖాన్ పరుస్తాం. డబ్బున్నవాళ్ళని పిలిచి, లేనివాళ్ళని వదిలేసిన వలీమా భోజనం అన్నింటికన్నా చెడ్డదని హదీసు. అతిథుల లిస్టు రాసేటప్పుడు అది ఎంతమందికి గుర్తొస్తుంది?

మన బావర్చీ మాత్రం రాత్రి రెండింటికి లేచి పొయ్యి రాజేస్తాడు. మే నెల ఎండలో నిప్పు పక్కన నిలబడి, మూత తీయకుండా వాసన బట్టే దమ్ తెలుసుకుంటాడు. అతనికి దేగ్ లెక్కన మజూరీ. అందులోనూ బేరం. 'మాంసం కొంచెం గట్టిగా ఉంది భాయ్' అని వెయ్యి రూపాయలు కోసేవాళ్ళు ఉన్నారు. హోటల్లో షెఫ్ ఫొటో కింద రబ్బరులాంటి మాంసం తిని, టిప్పు పెట్టి వచ్చేది కూడా వాళ్ళే.

చెమట ఆరకముందే కూలి ఇవ్వమని మన ప్రవక్త (స) చెప్పారు. వండి తెచ్చినవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోమని, కుదరకపోతే కనీసం ఒకటి రెండు ముద్దలైనా అతనికి పెట్టమని చెప్పారు. ఎందుకంటే ఆ పొగ, ఆ వేడి భరించింది అతను. వండినవాడి హక్ గురించి ఇంతకన్నా సాఫ్‌గా ఇంకెవరు చెప్పాలి? ఆయన ఏ భోజనానికీ ఐబ్ పెట్టేవారు కాదు. నచ్చితే తినేవారు, లేకపోతే వదిలేసేవారు. మనం తిన్న చోటల్లా రేటింగ్ ఇస్తున్నాం, హక్ మాత్రం ఇవ్వటం లేదు.

ఇంకో హక్ ఇంట్లోనే ఉంది. గుంటూరు జిల్లా గుడివాడ గ్రామంలో మస్తానమ్మ అనే ముసలమ్మ ఉండేది. నూరేళ్ళు దాటిన వయసులో కట్టెల పొయ్యి మీద వండితే యూట్యూబ్‌లో లక్షల మంది చూశారు. 2018 డిసెంబరులో పోయింది. ఆమె పేరులోనే ఒక మస్తాన్ ఉన్నాడు, మన తెలుగు ఊళ్ళ కలుపుగోలుతనం అది. హోటల్ పెట్టలేదు, కోటు తొడగలేదు. కెమెరా రాకపోతే ఆమె వంట ఊరు దాటేదా? మన దాదీలు, నానీలు అందరూ కెమెరా రాని మస్తానమ్మలే. మగవాడు వండితే షెఫ్, అమ్మీ అరవై ఏళ్ళు వండితే అది ఆమె డ్యూటీ. ఇదేం ఇన్సాఫ్?

కాబట్టి టీవీ కట్టెయ్యమని నేను అనను. చూడండి, నేర్చుకోండి. పిల్లవాడు హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతానంటే చదివించండి, ఆడపిల్ల అడిగినా చదివించండి. కానీ ఈ పనులు కూడా చెయ్యండి. వలీమా కార్డు మీద హాలు పేరు వేస్తున్నారు కదా, కింద బావర్చీ పేరు కూడా వెయ్యండి. దేగ్ దించిన రోజే మజూరీ పూర్తిగా ఇవ్వండి. అతన్నీ అతని పనివాళ్ళనీ మిగిలినదాని కోసం నిలబెట్టకుండా దస్తర్‌ఖాన్ మీద కూర్చోబెట్టండి. ఎంత పెద్ద హోటలైనా జబీహా సంగతి గొంతెత్తి అడగండి. ఈ మామిడి కాపు అయిపోయేలోగా ఇంట్లో పెద్దావిడ దగ్గర కూర్చుని, మామిడికాయ మాంసంలో పులుపు ఎప్పుడు వెయ్యాలో, ఎంత వెయ్యాలో రాసుకోండి, ఆమె పేరుతో సహా.

ముంబై షెఫ్‌కి మన చప్పట్లు లేకపోయినా గడిచిపోతుంది. మన ఊరి బావర్చీకి మన మజూరీ లేకపోతే గడవదు. ఖయామత్ నాడు మనల్ని అడిగేది టీవీలో ఎవరిని చూశామని కాదు, మన పొయ్యి దగ్గర నిలబడ్డవాడికి ఏం ఇచ్చామని.

ఖుదా హాఫిజ్.