గిటారు పేర్లు ఎలా పలకాలి?



ఈ నెల ఒక చిన్న సంగతిని గూర్చి వ్రాస్తున్నాము. సంగతి చిన్నదే గాని, దాని వలన మన పల్లె పిల్లలు కొందరు సిగ్గుపడి వెనుకకు తగ్గుతున్నారు.

మోతీనగర్, బోరబండ వైపు అద్దె గదుల్లో ఉంటూ పనులు చేసుకొనే యౌవనస్థులు మాకు చాలామంది తెలుసు. వారిలో ఒక అబ్బాయి తన ఊరి సంఘం వారు కూడబెట్టిన డబ్బుతో గిటారు కొనుటకు ఒక దుకాణానికి వెళ్లాడు. గోడకు వ్రేలాడుతున్న గిటారు మీది పేరు చదివి, "ఆ ఇబాంజ్ ఒకసారి చూపించండి" అని అడిగాడు. అక్కడున్నవారు నవ్వారు. అతడు వట్టి చేతులతో తిరిగివచ్చి, "అయ్యగారూ, నాకు ఇంగ్లీషు రాదండి, ఇంకెవరినైనా పంపండి" అన్నాడు.

అసలు ఆ పేరు ఇంగ్లీషు పేరే కాదు. స్పెయిన్ దేశంలో, వలెన్సియా పట్టణంలో సాల్వడోర్ అనే గిటార్ల పనివాడు ఉండేవాడు. ఆయన ఇంటి పేరు స్పెయిన్ వారి నోట "ఇబాన్యెత్". జపాన్ దేశంలోని నగోయా పట్టణపు హోషినో కంపెనీవారు 1929లో ఆ పేరుగల గిటార్లు తెప్పించి అమ్మటం మొదలుపెట్టి, తరువాత తాము చేయించిన గిటార్లకు కూడా ఆ పేరే పెట్టుకొన్నారు. జపాన్ వారు దానిని "ఐబనీజు" అంటారు. అమెరికాలో "ఐబానెజ్" అంటారు. పేరు పెట్టుకొన్న కంపెనీవారి దేశంలోనే అది స్పెయిన్ వారు పలికినట్లు లేదు. నవ్వినవారు ఎవరిని చూచి నవ్వినట్లు? మన దుకాణాల్లో ఐబానెజ్ అంటే అందరికీ తెలుస్తుంది. అలాగే అనండి, చాలు.

మిగిలిన పేర్లు కూడా కొన్ని చూద్దాము. తల్లిదండ్రులు వీటిని ఒక కాగితం మీద తెలుగులోనే వ్రాసి పిల్లల చేతికి ఇవ్వవచ్చు.

తకమినె: ఇది జపాన్‌లోని ఒక కొండ పేరు. ఇంగ్లీషు అక్షరాలు చూచి "టకమైన్" అంటుంటారు. జపాను మాటలు చాలా వరకు మన తెలుగు మాటల వలె అచ్చుతో ముగుస్తాయి. కనుక చివరి "నె"ను మింగకూడదు. మొదటిది కూడా "ట" కాదు, "త". ఈ రెంటికీ ఇంగ్లీషులో ఒకటే అక్షరం. మనకు రెండు ఉన్నవి. ఈ పేరు తెలుగులో వ్రాసుకొంటేనే తప్పు లేకుండా పలుకుతాము.

హోఫ్నర్: ఇది జర్మను పేరు. కార్ల్ అనే పనివాడు 1887లో మొదలుపెట్టిన కంపెనీ. మొదటి అక్షరానికి పెదవులు "ఓ" అన్నట్లు గుండ్రంగా పెట్టి, లోపల "ఏ" అనాలి. రాకపోతే "హెఫ్నర్" అన్నా జర్మనులకు అర్థమవుతుంది. ఆ 1887లోనే జపాన్‌లో తొరకుసు యమహా అనే ఆయన ఒక బడిలోని పాడైన ఆర్గన్‌ను బాగుచేసి, తానే ఒకటి చేయటానికి పూనుకొన్నాడు. ఈనాటి యమహా గిటార్లు, కీబోర్డుల మీద ఉన్నది ఆయన ఇంటి పేరే.

లెస్ పాల్: గిబ్సన్ కంపెనీ 1952లో తెచ్చిన గిటారు. పాల్ అనేది ఒక అమెరికా వాద్యకారుని పేరు. మొదటి మాటను కొందరు ఫ్రెంచి మాట అనుకొని "లే" అంటారు, అది సరికాదు. రెండవ మాట మన బైబిలులోని పౌలు పేరే.

డ్రెడ్‌నాట్: ఇది కంపెనీ పేరు కాదు, పెద్ద పొట్టగల గిటారు ఆకారానికి పేరు. 1906లో నీటిలోకి దింపిన ఒక బ్రిటిషు యుద్ధనౌక పేరును అమెరికాలోని మార్టిన్ కంపెనీవారు 1916లో తమ పెద్ద గిటారుకు పెట్టారు. ఇంగ్లీషులో చివర ఉన్న జీ, హెచ్ అక్షరాలు పలకవు. దేనికీ భయపడనిది అని దాని అర్థం. ఆ పేరు పలకటానికే మన పిల్లలు భయపడితే ఎలా?

ఉకులెలె: ఆదివారపు బడి పిల్లలు ఇప్పుడు ముచ్చటపడే నాలుగు తీగల చిన్న వాద్యం. ఇంగ్లీషువారు "యుకులేలీ" అంటారు గాని, హవాయి ద్వీపాల వారి మాట ఉకులెలె. ఎగిరే మిన్నల్లి అని దానికి అర్థం చెబుతారు.

పలకటం కంటె చదవటంలో ఎక్కువ జాగ్రత్త పడవలసిన పేరు ఒకటి ఉన్నది. గిబ్సన్ అమెరికా కంపెనీ. గివ్‌సన్ మన కలకత్తా కంపెనీ. రెండూ వేరు. అమెరికాలో చేసిన గిబ్సన్ గిటార్లలో చాలా వాటి ధర లక్ష రూపాయలు దాటుతుంది. గివ్‌సన్ మన పల్లె సంఘాలు కొనగలిగినది. దానిని పట్టుకొన్నవాడు "నాది గిబ్సన్" అని గొప్ప చెప్పుకోనక్కరలేదు, "నాది గివ్‌సనే" అని తల దించుకోనూ అక్కరలేదు. కొనేటప్పుడు మాత్రం పేరులోని అక్షరాలు ఒక్కొక్కటిగా చూచి కొనండి.

ఇక్కడ ఒక ప్రశ్న రావచ్చు. పరాయి పేరును మన నోటికి వచ్చినట్లు మార్చుకొంటే తప్పా? మోతీనగర్‌కు ప్రక్కనే జూబ్లీహిల్స్ ఉన్నది. జూబ్లీ అనే మాటకు మూలం హెబ్రీ భాషలోని యోబేల్. పొట్టేలు కొమ్ముతో చేసిన బూర అని దాని అర్థం. మన తెలుగు బైబిలులో సునాద సంవత్సరము అన్నది దానినే. ఆ బూర పేరు గ్రీకు, లాటిను, ఫ్రెంచి, ఇంగ్లీషు నోళ్లు దాటి సిటీ బస్సు బోర్డు మీదికి వచ్చింది. దారిలో ప్రతి భాషవారూ దానిని కొంత మార్చారు. జూబ్లీ అన్నవారిని తప్పు పలికారని ఏ కండక్టరూ దింపివేయడు. ఫిడేలు, హార్మణీ పెట్టె కూడా అలా మనవైన మాటలే.

పలుకుబడిని బట్టి మనుషులను వేరుచేసిన దినం ఒకటి న్యాయాధిపతులు 12వ అధ్యాయంలో ఉన్నది. యొర్దాను రేవుల దగ్గర షిబ్బోలెతు అనలేక సిబ్బోలెతు అన్నవారిని పట్టుకొని చంపారు. ఆ కాలమున ఎఫ్రాయిమీయులలో పడిపోయినవారు 42,000 మంది. ఒక్క అక్షరం! దుకాణంలో నవ్వు ఎవరినీ చంపదు గాని, ఆ నవ్వుకు ఒక పిల్లవాడు గిటారు మానుకొంటే, ఆ సంఘంలో ఒక వాద్యం మూగబోతుంది.

కనుక పెద్దలకు మా మనవి. మీకు సరియైన ఉచ్చారణ తెలిస్తే, ఎదుటివాడు తప్పు పలికినప్పుడు నవ్వకుండా, మీ మాటలో ఆ పేరును ఒకసారి సరిగా పలకండి. అతడే దిద్దుకొంటాడు. యౌవనస్థులకు మా మాట: పేరు తెలియనప్పుడు వ్రేలితో చూపించి, "దీనిని ఏమంటారండీ?" అని అడగండి. మన ఇంటి పేరును ఎవరైనా అడిగి సరిగా పలికితే మనకెంత సంతోషం! ఆ పనివాని పేరుకు కూడా అంత మర్యాద చేద్దాము. అయితే పేరు తెలిసినంత మాత్రాన చేయి తిరగదు. స్వరం ఎవరి నోటి యాసనూ అడగదు, వ్రేళ్ల సాధననే అడుగుతుంది.

వచ్చే నెల గిటారు తీగలు ఎన్నాళ్లకు మార్చాలో, తడి గాలికి అవి తుప్పు పట్టకుండా ఎలా కాపాడాలో వ్రాస్తాము.