బ్రేకు మీద కాలు పెడితే ఆగే చప్పుడు

ప్రొద్దుటూరు నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరమే రాశారు. ఆయన దగ్గరున్నది ఇరవై ఏళ్లు దాటిన 1.6 లీటర్ల పెట్రోలు కారు. నాన్నగారు ముచ్చటపడి కొన్నారట, అమ్మడానికి మనసొప్పడం లేదట. నెలకు రెండుసార్లు ఇంటిల్లిపాదీ అందులోనే బయల్దేరి, జమ్మలమడుగులో అక్కగారింట్లో ఆగి, ముద్దనూరు ఘాట్ మీదుగా పులివెందుల వెళ్తారు. గతుకు వస్తే చాలు, ముందు ఎడమ చక్రం దగ్గర టకటకమని చప్పుడు. ప్రొద్దుటూరులో షాక్ అబ్జార్బర్లు మార్చారు. జమ్మలమడుగులో లింక్ రాడ్లు మార్చారు. పులివెందులలో చూసిన మెకానిక్ ‘పాత బండికి ఇవన్నీ మామూలే సార్’ అని పంపేశాడు. డబ్బులు పోయాయి, చప్పుడు పోలేదు.

ఆ ‘మామూలే’ దగ్గరే నా అభ్యంతరం. మీ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది. స్పీడ్ బ్రేకర్ దగ్గర బ్రేకు తొక్కితే మాత్రం చప్పుడు రావడం లేదన్నారు. అసలు సంగతి అక్కడే ఉంది.

ఖాళీగా ఉన్న గతుకుల రోడ్డు చూసుకుని 20 కిలోమీటర్ల వేగంతో వెళ్లండి. చప్పుడు మొదలయ్యాక బ్రేకు పెడల్ మీద కాలు మెల్లగా ఆనించండి, బండి ఆగేంత గట్టిగా వద్దు. చప్పుడు టక్కున ఆగిపోయి, కాలు తీయగానే మళ్లీ మొదలైతే ముందుగా అనుమానించాల్సింది బ్రేకు కాలిపర్‌ని, అందులోని ప్యాడ్లని. సస్పెన్షన్‌ని ఆ తర్వాత చూడొచ్చు. పెడల్ నొక్కితే ప్యాడ్లు డిస్కును పట్టుకుంటాయి, కాలిపర్ కదలకుండా బిగుసుకుంటుంది, చప్పుడు ఆగుతుంది. షాక్ అబ్జార్బర్‌దో లింక్ రాడ్‌దో అయితే ఇంత స్పష్టంగా ఆగదు.

ఒకప్పుడు కుర్రకారు కలలుగన్న ఫోర్డ్ ఐకాన్ 1.6, హోండా సిటీ వీటెక్, ఫియట్ పాలియో 1.6 అన్నీ ఈ బాపతు బండ్లే. వంద హార్స్‌పవర్‌కు అటూ ఇటూ ఇంజిను, ముందు చక్రాలకు డిస్కులు, వెనక డ్రమ్ములు. బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకు వాలుతుంది కాబట్టి ఎక్కువ శ్రమ ముందు డిస్కులదే. వేగం రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగింతలవుతుందని గుర్తుంచుకోండి. ఇంజిను ఇప్పటికీ హుషారుగానే ఉంటుంది. దాన్ని ఆపాల్సిన సామాను మాత్రం ఇరవై ఏళ్ల దుమ్ము తిని ఉంటుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. కాలిపర్‌ని చేత్తో పట్టుకుంటే కాస్త కదులుతుంది. అది జబ్బు కాదు. ఈ కార్లలో కాలిపర్ రెండు గైడ్ పిన్నుల మీద లోపలికీ బయటికీ జరగాలి. అలా జరిగితేనే రెండు ప్యాడ్లూ సమానంగా పట్టుకుంటాయి. జరగకుండా బిగుసుకుపోతే ఒక ప్యాడ్ ముందే అరిగిపోతుంది, డిస్కు వేడెక్కుతుంది, బండి ఒక పక్కకు లాగుతుంది. కాబట్టి లూజు అనగానే అన్నీ బిగించేయడం వైద్యం కాదు.

మరి ఏ లూజు చెడ్డది? జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టి (ఉత్త జాకీ మీద నమ్మకం పెట్టుకోవద్దు), బ్రేకులు బాగా చల్లారాక చక్రం విప్పించండి. ఘాట్ దిగి వచ్చిన వెంటనే డిస్కు ముట్టుకుంటే చేయి కాలుతుంది. కాలిపర్‌ని పైకీ కిందికీ ఊపి చూడండి. పిన్నులు అరిగి ఉంటే అది గిలకలా ఊగుతుంది. పిన్ను లాగి చూస్తే ఒక పక్క మెరుస్తూ పల్లం పడి ఉంటుంది. పైనున్న రబ్బరు బూటు చిరిగి, లోపల గ్రీజు మట్టిముద్దలా మారి ఉంటుంది. నాపరాళ్ల పొడి, సిమెంటు లారీల దుమ్ము మధ్య తిరిగే మన బండ్లకు ఇది త్వరగానే వస్తుంది.

రెండోది ప్యాడ్ల చివరలుండే చిన్న రేకు క్లిప్పులు. ప్యాడ్లు మార్చిన ప్రతిసారీ ఇవి ఊడివస్తాయి. తుప్పు పట్టాయని ఎవరో ఒకరు పారేసి ఉంటారు. అవి లేకపోతే ప్యాడ్లు తమ గూట్లో కొట్టుకుంటాయి. రివర్స్ తీసి ముందుకు కదిలాక మొదటిసారి బ్రేకు వేసినప్పుడు ‘టక్’ మని ఒక్కటే చప్పుడు వస్తే సాధారణంగా కారణం ఇదే. చిరాకే తప్ప అప్పటికప్పుడు ముంచుకొచ్చే ప్రమాదం కాదు.

మూడోది అసలు భయపడాల్సింది. కాలిపర్‌ని మోసే బ్రాకెట్‌ను చక్రం వెనకున్న నకిల్‌కు రెండు పెద్ద బోల్టులు పట్టి ఉంచుతాయి. వాటి దగ్గర వెంట్రుకవాసి కదలిక కూడా ఉండకూడదు. బోల్టు తల చుట్టూ తుప్పునీరు కారిన చారలున్నా, బ్రాకెట్ అంచు రాసుకుని మెరుస్తున్నా బోల్టు వదులైందని అనుమానించండి. ఒక బోల్టు ఊడిందంటే కాలిపర్ తిరిగి రిమ్ముకు తగలొచ్చు, బ్రేకు గొట్టం తెగొచ్చు. అప్పుడు పెడల్ నేలకు తాకుతుంది. ఘాట్ మలుపులో, ఎదురుగా లారీ వస్తుండగా అలా జరిగితే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు.

పనిలో పనిగా చక్రం తిరిగి బిగించాక, జాకీ దించకముందే దాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. ఊగుతుంటే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. ఊపు ఆగితే వీల్ బేరింగు, ఆగకపోతే బాల్ జాయింటు. బేరింగు లూజైతే డిస్కు అటూ ఇటూ ఊగి ప్యాడ్లను వెనక్కి నెడుతుంది. మొదటి తొక్కుడుకు పెడల్ లోతుగా వెళ్లి, రెండోసారి సరిగ్గా ఉండటానికి అదీ ఒక కారణం.

ఇక మరమ్మతు. పిన్నులు, బూట్లు, క్లిప్పులు కొత్తవి వేయించండి. ఐకాన్, పాలియోల తయారీ మనదేశంలో ఎప్పుడో ఆగిపోయింది కనుక సామాను కోసం కాస్త తిరగాల్సి రావచ్చు. దొరకలేదని పిన్నుకు రేకు చుట్టడం, టేపు చుట్టడం, వెల్డింగు పెట్టించడం ఒప్పుకోకండి. పిన్నులకు మామూలు చక్రాల గ్రీజు కూడా పూయనివ్వకండి. దానికి రబ్బరు ఉబ్బి పిన్ను పట్టేస్తుంది. బ్రేకులకని ప్రత్యేకంగా వచ్చే సిలికాన్ గ్రీజు అడగండి. బ్రాకెట్ బోల్టులు టార్క్ పానాతో, మీ మోడల్ మాన్యువల్‌లో ఉన్న లెక్క ప్రకారమే బిగించాలి. పైపు తగిలించి బలమంతా చూపిస్తే మర పోతుంది. అది ఇంకో ఖర్చు.

బ్రాకెట్ సంగతి తేలేదాకా పులివెందుల ప్రయాణం బస్సులోనే పెట్టుకోండి. పని అయ్యాక బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కాలి. వెనక్కి నెట్టిన ప్యాడ్లు డిస్కును అందుకోనిదే బ్రేకు పడదు. బోల్టు తల మీద నుంచి బ్రాకెట్ మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత గీయించండి. జమ్మలమడుగు దాకా వెళ్లివచ్చాక టార్చి వేసి చూస్తే ఆ గీత తెగిందో లేదో మీకే కనిపిస్తుంది.