పనిముట్టు ఎవరి పేరు మీద ఉంది?

స్త్రీల ఆస్తిహక్కు గురించి మాట్లాడుకున్నప్పుడల్లా భూమి, ఇల్లు, బంగారం అనే మూడు మాటలే ఎక్కువగా వినిపిస్తాయి. నాలుగోదాన్ని మనం మరిచిపోతూ ఉంటాం. అది పనిముట్టు. మనిషి తన నైపుణ్యంతో నాలుగు డబ్బులు సంపాదించుకోవడానికి, తనకంటూ ఒక గుర్తింపు తెచ్చుకోవడానికి కావలసిన వస్తువు. ఈ వ్యాసంలో అలాంటి ఒక వస్తువు గురించి, ఎలక్ట్రిక్ బేస్ గిటారు గురించి చెప్పదలచుకున్నాను. ఇన్ని సమస్యలుండగా గిటారేమిటని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. కానీ ఒక వస్తువును సొంతం చేసుకోవడం, దాని మంచిచెడ్డలు తానే తేల్చుకోగలగడం అనేవి రెండు వేర్వేరు హక్కులు. ఆ రెండూ స్త్రీలకు ఎలా అందకుండా పోతున్నాయో ఈ వాయిద్యం చాలా స్పష్టంగా చూపిస్తుంది.

బేస్ గిటారుకి మామూలుగా నాలుగు లావుపాటి తీగలుంటాయి. అది మామూలు గిటారు కంటే ఒక స్థాయి కింద మోగుతుంది. సినిమా పాటలో, చర్చి ఆరాధనలో, ఇంజనీరింగు కాలేజీ కుర్రాళ్ళ బ్యాండులో ఇది ఉంటుంది గానీ చాలామంది చెవికి విడిగా తగలదు. తీసేస్తే మాత్రం పాట బోలుగా వినిపిస్తుంది. ఇంట్లో స్త్రీ చేసే చాకిరీ లాగే ఇది కూడా లేనప్పుడు మాత్రమే తెలిసివచ్చే పని.

నేనుండే అబ్దుల్లాపూర్‌మెట్ 2016లో హయత్‌నగర్ మండలం నుంచి విడిపోయి మండలం అయింది. విజయవాడ రోడ్డుకి అటూ ఇటూ ఇంజనీరింగు కాలేజీలున్నాయి. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో ఉండి చదువుకునే ఆడపిల్లలు ఎందరో. 2018లో ఎల్బీనగర్ దాకా మెట్రో రైలు వచ్చాక రాకపోకలు కొంత సులువయ్యాయి. ఈ కాలేజీల వేడుకల్లో బ్యాండులు చూస్తుంటాను. పాడే అమ్మాయి తప్పకుండా ఉంటుంది. వాయించే అమ్మాయి అరుదుగా కనిపిస్తుంది. అమ్మాయిలకు ఆసక్తి లేదని దీనికి జవాబు చెప్పేస్తారు. ఆ జవాబుతో నేను ఏకీభవించను. గొంతు పుట్టుకతో వస్తుంది, దాన్ని కొనక్కర్లేదు, దాచుకోవడానికి చోటక్కర్లేదు. వాయిద్యానికి డబ్బు కావాలి. దాన్ని పెట్టుకోవడానికి గదిలో స్థలం కావాలి. సాయంత్రం ఏడు దాటాక సాధన చేసుకునే స్వేచ్ఛ కావాలి. హాస్టల్ గేటుకు తాళం పడే వేళకే మగపిల్లల సాధన మొదలవుతుంది. ఆసక్తి అని మనం పిలుస్తున్నది ఆస్తి, స్థలం, సమయం అనే మూడింటి మీద ఆధారపడి ఉంది.

మన ఇళ్ళలో ఆడపిల్లకు వీణ నేర్పించలేదా అని అడగవచ్చు. నేర్పించారు. అయితే చాలా ఇళ్ళలో అది పెళ్ళిచూపుల నాటి అర్హతగానే మిగిలింది. పెళ్ళయ్యాక వీణ అటక ఎక్కింది. నేర్చుకోవడానికి అనుమతి ఉంది గానీ అది పనిముట్టుగా మారి డబ్బు తేవడానికి, అమ్మాయిని రాత్రివేళ ఇల్లు దాటించడానికి అనుమతి లేదు.

ఇక ఎంచుకోవడం సంగతి. బేస్ కొనడానికి నేను వెళ్ళినప్పుడు దుకాణం మనిషి నాతో వచ్చిన మా తమ్ముడితోనే మాట్లాడాడు. వాడికి తీగల పేర్లు కూడా తెలియవు. బ్యాటరీ పెట్టె తెరిచి చూపించమని నేనడిగితే, ‘అదంతా టెక్నికల్ అమ్మా, మీకెందుకు’ అన్నాడు. డబ్బు నాదే, వాయించేది నేనే, కానీ నిర్ణయించే తెలివి మాత్రం పక్కనున్న మగవాడిదని ఆయన ముందే తీర్మానించుకున్నాడు. కుట్టుమిషను దగ్గర్నుంచి స్కూటరు దాకా మనందరికీ ఇది అనుభవమే.

అందుకే ఆ ‘టెక్నికల్’ విషయమేమిటో ఇక్కడే చెప్పుకుందాం. తీగల కింద ఉండే పికప్ అంటే అయస్కాంతం చుట్టూ సన్నని రాగితీగ చుట్టిన చుట్ట. ఉక్కుతీగ కదిలితే ఆ చుట్టలో చిన్న విద్యుత్తు పుడుతుంది. మామూలు బేస్‌లో ఆ విద్యుత్తు నేరుగా బయటికి వెళుతుంది, దాని టోన్ మర పైస్వరాలను తగ్గించగలదే గానీ దేన్నీ పెంచలేదు. యాక్టివ్ రకంలో 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ప్రీఆంప్ అనే చిన్న సర్క్యూటు లోపలే ఉంటుంది. దానితో కిందిస్వరాలనూ పైస్వరాలనూ పెంచవచ్చు, తగ్గించవచ్చు. పొడుగాటి వైరు వాడినా ధ్వని మొద్దుబారదు. 1976లో వచ్చిన మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే ఈ పద్ధతిని బాగా వ్యాప్తిలోకి తెచ్చింది. దీనికి ఇబ్బందీ ఉంది. బ్యాటరీ నీరసిస్తే శబ్దం చితికిపోతుంది, ఆపైన ఆగిపోతుంది. చాలావాటిలో వైరు గుచ్చగానే సర్క్యూటు మొదలవుతుంది కాబట్టి వాయించడం అయ్యాక వైరు తీసెయ్యాలి. బ్యాటరీ లేకుండా కూడా మోగేలా ఒక స్విచ్చి ఉన్న రకాన్ని ఎంచుకోవడం మేలు.

పాతది కొనేటప్పుడు బ్యాటరీ పెట్టె తెరిచి తుప్పు, కారిన మరక ఉన్నాయేమో చూడాలి. మరలు తిప్పితే గరగర వినిపించకూడదు. అన్ని మరలనూ మధ్యలో ఉంచి, అంటే ఏ స్వరాన్నీ పెంచకుండా, అసలు ధ్వని ఎలా ఉందో వినాలి. పెంచిన బేస్‌తో ఏ గిటారైనా దుకాణంలో బాగానే ఉంటుంది. తీగను మొదటి మెట్టు దగ్గర, చివరి మెట్టు దగ్గర నొక్కిపట్టి మధ్యలో ఎంత సందుందో చూస్తే మెడ వంగిందా లేదా తెలుస్తుంది. కొద్దిపాటి సందే ఉండాలి. ప్రతి మెట్టు మీదా ప్రతి తీగనూ మీటాలి. నిలబడి భుజానికి తగిలించుకుని చూడాలి. మామూలు బేస్ తీగ పొడవు 34 అంగుళాలు, బరువు నాలుగు కిలోల దాకా ఉంటుంది. చిన్న చేతులకు 30 అంగుళాలవీ దొరుకుతాయి. ఇందులో మగబుద్ధికి మాత్రమే అందేది ఏమైనా ఉందా? పప్పులో రాళ్ళు, చీరలో పోగు లెక్క చూసే కళ్ళకు ఇది కొత్త విద్య కాదు.

అసలు ఈ వస్తువును తయారుచేసిన చేతులెవరివో చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. 1951లో మొదటి ప్రెసిషన్ బేస్ తెచ్చిన అమెరికాలోని ఫెండర్ కార్ఖానాలో, వెంట్రుక కంటే సన్నని తీగను వేలసార్లు తిప్పి పికప్ చుట్టే పని ఎక్కువగా ఆడవాళ్ళు చేశారు. అబిగేల్ ఇబార్రా అనే ఆవిడ 1956లో అక్కడ చేరి, 2013లో విరమించేదాకా ఆ పనిలో పేరు తెచ్చుకుంది. గిటారు మీద మాత్రం యజమాని ఇంటిపేరే ఉంది. ఇదేదో దూరదేశపు కథ కాదు. మా ఊరికి దగ్గరలోనే భూదాన్ పోచంపల్లి ఉంది. ఇక్కత్ చీరకు ముందు నూలును చీలల చుట్టూ తిప్పే ఆసు పని ఆడవాళ్ళది. ఒక చీరకు సుమారు 9 వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేసి దానికి ఆమె పేరే పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కానీ నేతన్న అనే మాటలో ఇప్పటికీ ఆసు పోసే ఆమె కనిపించదు. రాగితీగైనా నూలుపోగైనా చుట్టడం ఆమె వంతు. మగ్గమూ గిటారూ మాత్రం అతనివి.

పనిముట్టు చేతికి వస్తే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. 1935లో పుట్టిన కరోల్ కే గిటారుతో కుటుంబాన్ని పోషించుకునేది. 1963లో ఒక రికార్డింగుకు బేస్ కళాకారుడు రాకపోతే ఆమె బేస్ అందుకుంది. ఆ తర్వాత వేల పాటల్లో వాయించింది, 1969లో బేస్ నేర్పే పుస్తకం రాసి అచ్చువేసుకుంది. ఆ పాటల తొడుగుల మీద చాలాకాలం ఆమె పేరు లేదు. మన దేశంలో ముంబయికి చెందిన మోహినీ డే ఏ.ఆర్. రెహమాన్ బృందంలోనూ జాకిర్ హుస్సేన్‌తోనూ బేస్ వాయించింది. ఆమె తండ్రి స్వయంగా బేస్ కళాకారుడు. ఇంట్లో వాయిద్యం ఉండటం, అది ముట్టుకోనివ్వడం అనే రెండు అవకాశాలు ఆమెకు చిన్నతనంలోనే దొరికాయి. అవి లేని ఆడపిల్లల సంగతి మనం ఆలోచించాలి.

చట్టం ఈ విషయంలో మనవైపే ఉంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం స్త్రీ కొనుక్కున్నది, బహుమతిగా పొందినది, తన నైపుణ్యంతో, శ్రమతో సంపాదించినది స్థిరాస్తయినా చరాస్తయినా పూర్తిగా ఆమెదే. క్రైస్తవ స్త్రీలకు వర్తించే 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కళానైపుణ్యంతో వచ్చిన సంపాదనను భార్య సొంత ఆస్తిగా గుర్తించింది. ముస్లిం స్త్రీ ఆస్తి పెళ్ళితో భర్తది కాదు. స్త్రీధనానికి అత్తింటివారు కాపలాదారులే గానీ హక్కుదారులు కారనీ, తిరిగి ఇవ్వకపోతే నేరమేననీ 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది వచ్చిన వరకట్న నిషేధ నిబంధనలు వధువుకిచ్చిన బహుమతుల జాబితా రాయాలన్నాయి. ఆ జాబితాల్లో గొలుసు, బీరువా, మంచం ఉంటాయి. ఆమె పనిముట్టు ఉండదు. కాపురంలో చెడితే బంగారం గురించి పంచాయితీ జరుగుతుంది. వాయిద్యం మాత్రం ఏ బావమరిది గదిలోనో ఉండిపోతుంది.

ఇవాళ అర తులం బంగారానికయ్యే డబ్బుతో మంచి యాక్టివ్ బేస్ వస్తుంది. బంగారం వద్దని నేననను, కష్టకాలంలో ఆడదానికి అదే బ్యాంకు. కానీ బంగారం కుదువ పెడితేనే అన్నం పెడుతుంది. పనిముట్టు చేతిలో ఉండగానే పెడుతుంది. అందుకని కొన్న ప్రతి పనిముట్టుకూ రసీదు ఆమె పేరు మీదే తీసుకుందాం. పెళ్ళి జాబితాలో దాన్నీ రాయిద్దాం. కాలేజీల సంగీతం గది ఆడపిల్లలకు పగటివేళ కూడా తెరవాలని, సాధనకు వాళ్ళకూ సమయం కేటాయించాలని అడుగుదాం. మన సంఘాల శిక్షణల్లో కుట్లు అల్లికలతో పాటు టంకం వెయ్యడం, తీగ మార్చడం, సర్క్యూటు చూడటం కూడా చేరుద్దాం. సంఘానికే ఒక వాయిద్యం కొని వంతులవారీగా ఇవ్వడం కూడా అసాధ్యమేమీ కాదు. వస్తువు తన పేరు మీద ఉండి, దాని గురించి చివరి మాట తనదైనప్పుడే ఆమె సొంతదారు అవుతుంది.